ఎవరడిగితే చెప్పిన కైఫియత్తు?

‘కైఫియత్తు’ అన్న మాట మళ్లీ వాడుకలోకి వచ్చింది. ఊళ్ల గురించి రాసే శీర్షికలకు, చిన్ననాటి జ్ఞాపకాలకు, అప్పుడప్పుడు కథలకు కూడా ఆ పేరు పెడుతున్నారు. పేటకో కైఫియత్తు, కాలవగట్టుకో కైఫియత్తు. మొన్న విజయవాడలో ఒక పుస్తకావిష్కరణకు వెళ్తే, మాట్లాడిన పెద్దాయన ఒకరు కైఫియత్తంటే పల్లెటూళ్ల చరిత్రకు మన పూర్వులు పెట్టుకున్న పేరని చెప్పారు. సభలో అందరూ తలలూపారు. మాట వినడానికి బాగుంటుంది, పాతదనం ఉంటుంది, కాస్త పర్షియా అత్తరు వాసన కూడా వేస్తుంది. పుస్తకం పేరుగా చక్కగా అమరుతుంది.

నాకు ఆ నిర్వచనం దగ్గరే పేచీ. కైఫియత్తు చరిత్రకు మారుపేరు కాదు. అదొక జవాబు. ఒకరు అడిగారు, ఇంకొకరు చెప్పారు, మరొకరు రాసుకున్నారు. అడిగినవాడికి ఒక అవసరం ఉంది, చెప్పినవాడికి ఒక భయమో ఆశో ఉంది. ఆ సంగతి వదిలేసి చదివితే కైఫియత్తు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. వదిలేసి వాడుకుంటే ఆ మాట ఉత్త అలంకారమైపోతుంది. మన గుంటూరు సీమ ఊళ్ల కైఫియత్తులు కొన్నేళ్లుగా చదువుతున్నాను కాబట్టి ఈ ముక్క కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

కచేరీలో పుట్టిన మాట

అరబ్బీలో ‘కైఫ’ అంటే ‘ఎలా’ అని అడగడం. ఎలా ఉందో ఆ తీరు, ఆ స్థితి కైఫియత్. మనం మత్తుకు వాడే ‘కైపు’ కూడా ఆ కుదుటిదే, అక్కడది మనసు ఉన్న స్థితి. పారశీకం రాజభాషగా ఉన్న రోజుల్లో ఈ మాట కచేరీలకెక్కింది. మరాఠీలో కైఫియత్ చెప్పుకోవడమంటే ఇవాళ్టికీ తన పక్షం వినిపించుకోవడమే. హిందీ ఆఫీసుల్లో కైఫియత్ అడిగారంటే సంజాయిషీ అడిగినట్టు. ఉర్దూ రిజిస్టర్లలో మనం ‘రిమార్కులు’ అని రాసే గడికి కైఫియత్ అని పేరు. ఏ భాషలో చూసినా ఈ మాటకు అవతల ఒక అధికారి కూర్చుని ఉంటాడు.

తెలుగులో రికార్డులకు మాటలు తక్కువేం కావు. శాసనం ఉంది, అది ఇచ్చినవాడి మాట. రాయి మీద చెక్కి, ధిక్కరించినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడని చివర శాపం కూడా పెడతాడు. కవిలె ఉంది, అది కరణం తన లెక్క కోసం రాసుకున్నది. ఊళ్లో ఎవరి పొలం ఎంత, శిస్తు ఎంత, ఏ ఏడు ఏమైంది అన్నది ఆకుల మీద రాసి కట్టగట్టి ఇంట్లో పెట్టుకునేవాడు. దండకవిలె అంటే ఆ లెక్కల మధ్య రాజుల కథ, సీమ కథ కూడా చేరిన పెద్ద కట్ట. మహజరు ఉంది, అది పదిమంది కలిసి చేవ్రాళ్లు చేసేది. వీటన్నిటి పక్కన కైఫియత్తును పెట్టి చూస్తే దాని ప్రత్యేకత తెలుస్తుంది. అది తనంతట తాను పుట్టదు. ఎవరో అడగాలి.

మన కైఫియత్తులకు సంబంధించి ఆ అడిగినవాడు కల్నల్ కాలిన్ మెకంజీ. స్కాట్లండు వాయవ్య దీవుల్లోని స్టోర్నోవేలో పుట్టి, 1783లో మద్రాసుకు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా వచ్చి, చివరకు మొత్తం హిందూదేశానికి సర్వేయర్ జనరల్ అయినవాడు. ఆయన మనుషులు ఊరూరా తిరిగి గుళ్లలో శాసనాలు ఎత్తిరాసుకున్నారు, కరణాల దగ్గర కవిలెలు చూశారు, పెద్దల్ని అడిగి చెప్పింది రాయించుకున్నారు. అలా తయారైన కాగితాలే నేటి మన కైఫియత్తులు. తర్వాత సి.పి. బ్రౌన్ పూనుకుని వాటికి నకళ్లు రాయించకపోతే చాలా భాగం చెదల పాలయ్యేది.

మౌజే ఫలానా, సర్కారు ముర్తజానగరు

గుంటూరు ప్రాంతపు కైఫియత్తు ఏది తీసినా మొదటి వరుస ఇంచుమించు ఒకటే తీరు. మౌజే ఫలానా, సమతు ఫలానా, సర్కారు ముర్తజానగరు, తాలూకా ఫలానా జమీందారుగారు. మౌజే అంటే ఊరు, సమతు అంటే కొన్ని ఊళ్ల జట్టు, ముర్తజానగరంటే కొండవీటి సీమకు గోల్కొండ నవాబుల కాలంలో పడ్డ పేరు. ఈ వరుసను చాలామంది దాటేసి లోపలి కథలోకి వెళ్లిపోతారు. నేనైతే అక్కడే ఆగమంటాను. ఇది కథ మొదలు కాదు, అర్జీ మొదలు. ఏ ఊరు, ఏ సమతు, శిస్తు ఎవరికి కడుతున్నారు అన్నది ముందు చెప్పుకుని ఆ తర్వాతే నోరు విప్పుతున్నాడు కరణం.

ఆ వెంటనే వచ్చే పేరా ఇంకా ఆసక్తికరం. గజపతి సింహాసనస్థుడైన గణపతిదేవ మహారాజు ప్రభుత్వంలో, ఆయన ప్రధాని గోపరాజు రామన్నగారు, శాలివాహన శకం 1067 రక్తాక్షి సంవత్సరంలో నియోగి బ్రాహ్మణులకు గ్రామ కరణీకపు మిరాశీలు, అంటే వంశపారంపర్య హక్కులు, ఇప్పించారని ఉంటుంది. ఈ ముక్క ఒక్క ఊరి కైఫియత్తులో లేదు. కొద్ది మార్పులతో ఊరి తర్వాత ఊళ్లో కనిపిస్తుంది. ఆ తర్వాతే, మా ఊరి మిరాశీ ఫలానా గోత్రం ఫలానా ఇంటిపేరు వారికి వచ్చిందని మొదలుపెడతాడు.

లెక్క వేసి చూడండి. శకం 1067 అంటే, నడుస్తున్న ఏడుగా లెక్కిస్తే, 1144-45. రక్తాక్షి ఆ ఏటికి సరిగ్గా సరిపోతుంది. కాకతి గణపతిదేవుడు రాజ్యానికి వచ్చింది 1199లో, పోయింది 1262లో. అంటే యాభై ఏళ్లకు పైగా తేడా. పైగా గజపతులు ఒడ్డెరాజులు, కొండవీటికి వచ్చింది రెడ్ల తర్వాత. కాకతీయుల గణపతిని గజపతి సింహాసనం మీద కూర్చోబెట్టి, ఆయన పుట్టకముందు తేదీ వేశారు. చరిత్ర పాఠంగా చదివితే ఎర్రసిరాతో కొట్టేయాల్సిన పేరా ఇది. చాలామంది పండితులు కొట్టేశారు కూడా. కైఫియత్తుల్లో సగం పుక్కిటి పురాణాలన్న మాట ఇలాంటి చోట్లే పుట్టింది.

జవాబుగా చదివితే ఇదే పేరా వేరే రంగులో కనిపిస్తుంది. కంపెనీ వచ్చి శిస్తుల లెక్కలు తిరగరాస్తున్న రోజులవి. ఎవరి ఉద్యోగం ఉంటుందో, ఎవరి మాన్యం ఊడుతుందో తెలియదు. దొర మనుషులు వచ్చి ఊరి పుట్టుపూర్వోత్తరాలు చెప్పమన్నారు. కరణం ముందుగా చెప్పుకున్నది ఊరు ఎప్పుడు పుట్టిందో కాదు, తన కరణీకం ఎప్పటిదో. అదీ రాజు ఇచ్చిందని, తిథి సంవత్సరాలతో సహా. పొరుగూరి కరణం కూడా అదే చెప్పాడు, ఆ పక్కూరి కరణం కూడా. ఊరూరా అదే తేదీతో కనిపిస్తున్న ఈ పేరా, తమ హక్కును నిలబెట్టుకోవడానికి ఒక వర్గం అంతా కలిసి ఇచ్చుకున్న సాక్ష్యం. 1145లో ఏం జరిగిందో అది మనకు చెప్పదు. 1810ల నాటి కరణానికి దేని గురించి గుబులుగా ఉందో మాత్రం చాలా స్పష్టంగా చెబుతుంది. చరిత్రకు అది తక్కువ సరుకా?

అయితే అన్నీ అనుమానించాల్సిందేనా?

ఇక్కడ నాకే ఒక సందేహం వస్తుంది. ప్రతి వాక్యం వెనకా స్వార్థం వెతకడం మొదలుపెడితే ఇక మిగిలేదేముంది? గుడి ఎవరు కట్టారో చెప్పినా హక్కు కోసమే, చెరువు ఎవరు తవ్వించారో చెప్పినా హక్కు కోసమే అనుకుంటూ పోతే, చివరకు చేతిలో కాగితం తప్ప ఏమీ ఉండదు.

నేను పట్టుకున్న దారి ఇది. కైఫియత్తులో చెప్పినవాడికి లాభం లేని చోట్లు వెతుకుతాను. పడమటి పొలిమేరలో ఫలానా చింతచెట్టు, దాని కింద అక్షరాలు అరిగిపోయిన రాయి ఒకటి ఉందని రాస్తాడు. ఆ రాయి వల్ల అతనికి ఒరిగేదేం లేదు. ఫలానా ఏట ఊరు పాడుపడి మళ్లీ కుదురుకుందని రాస్తాడు, అదీ అంతే. పొలిమేర తగవు ఉన్న ఊళ్లో మాత్రం ఆ చింతచెట్టును కూడా జాగ్రత్తగానే చూడాలి. రాజుల సంగతి వచ్చినప్పుడు శాసనం పక్కన పెట్టి చూసుకోవచ్చు. కృష్ణరాయలు కొండవీటిని పట్టుకున్నది శకం 1437లోనని, అంటే 1515లోనని, మంగళగిరి శాసనం ఉంది, అక్కడ కైఫియత్తును పరీక్షించే గీటురాయి మనకు దొరుకుతుంది. దగ్గరి కాలానికి వచ్చేసరికి, కొండవీటి సీమను మూడు వంతులు చేసి జమీందార్లకు పంచిన దగ్గర్నుంచి ఫరాసులు, అంటే ఫ్రెంచివాళ్లు, రావడం, ఆ తర్వాత ఇంగిలీషువాళ్లు రావడం దాకా, చెప్పినవాడి తాత తండ్రులు కళ్లారా చూసినదే. అక్కడ అతని గొంతు కూడా మారుతుంది, వాక్యాలు పొట్టివవుతాయి.

ఇంకో కారణం చేత కూడా వీటిని కొట్టేయడం నాకు మనసొప్పదు. వీటిని రాసుకున్న తరం వెళ్లేలోగా 1832-33లో నందన కరువు వచ్చిపడింది. గుంటూరు సీమలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి, మద్రాసు దారి పొడవునా జనం రాలిపోయారు. ఆ కరువుకు ముందు ఏ ఊరు ఎలా ఉందో, ఏయే ఇంటిపేర్ల వాళ్లున్నారో, ఏ చెరువులో నీరుందో చెప్పే కాగితాలు ఎన్ని మిగిలాయి? పదిహేను ఇరవై ఏళ్లు ఆలస్యమై ఉంటే అడగడానికి మనిషే ఉండేవాడు కాదు.

ధరణికోట, అమరావతుల సంగతి చూడండి. ఆ చుట్టుపక్కల జనం జ్ఞాపకంలో ముక్కంటి మహారాజు ఉన్నాడు, జైనులు ఉన్నారు. బుద్ధుడు లేడు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కొత్త పట్నానికి రాళ్ల కోసం తవ్వించిన దిబ్బను దీపాల దిన్నె అనేవారు. మెకంజీ 1797లో దాన్ని చూసి, 1816లో మళ్లీ వచ్చి చిత్రకారులతో బొమ్మలు గీయించాడు, అయినా జైనులదనే అనుకున్నాడు. ఇందులో చెప్పినవాళ్లు దాచిందేమీ లేదు, తెలిసింది చెప్పారు. అంతటి బౌద్ధ మహాచైత్యం ఎవరిదో ఆ గట్టు మీదే బతుకుతున్న ఊరు పూర్తిగా మరిచిపోయిందన్న సంగతి మనకు ఏ శాసనమూ చెప్పలేదు. ఇలాంటి జవాబులే చెబుతాయి.

సంచిక కమిటీలో

ఇదంతా పుస్తకాల వ్యవహారం అనుకునేవాళ్లకు ఒక సంఘటన చెబుతాను. గుంటూరుకు దగ్గర్లోనే మా అమ్మావాళ్ల ఊరు. అక్కడ గుడి పునఃప్రతిష్ఠకు సంచిక వేద్దామనుకున్నారు. కమిటీలో మా మామయ్య ఉన్నాడు. ఊరి చరిత్ర రాయమని నాకు కబురుపెట్టి, కైఫియత్తు జిరాక్సు చేతికిచ్చాడు. గుడి ఎవరి పూర్వులు కట్టించారో అందులో ఉంది. ఆ ఇంటిపేరు వాళ్లు ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు, వాళ్లకూ మరో వర్గానికీ ధర్మకర్తల పదవుల దగ్గర పడదు.

కమిటీ కూర్చున్న రోజు ఒకాయన ఆ కాగితం పైకెత్తి, “ఇది గవర్నమెంటు రికార్డయ్యా, దొరలు రాయించింది, దీన్ని కాదనేవాడెవడు?” అన్నాడు. అవతలాయన ఊరుకోలేదు. “కరణం తనకు నచ్చింది రాసిచ్చిన కాగితం అది. దాన్ని తెచ్చి మాకు చూపిస్తావా?” ఇద్దరి మాటలోనూ కాస్త నిజం ఉంది, ఇద్దరూ మొత్తంగా తప్పు. నేను మొత్తం పాఠం ఉన్నదున్నట్టు అచ్చువేసి, ఎప్పుడు, ఎవరడిగితే, ఎవరు చెప్పారో పైన రాద్దామన్నాను.

అప్పుడు వెనక కూర్చున్న రిటైర్డ్ టీచరు ఒకాయన లేచాడు. మాలపల్లి ఆయన. కాగితం అడిగి తీసుకుని నింపాదిగా చదివాడు. “మాస్టారూ, ఇందులో మేమెక్కడున్నాం?” అని నన్నే అడిగాడు. వెట్టివాడి మాన్యం ఇంత అని ఒక ముక్క ఉంది. అంతే. చాకలి, మంగలి, కుమ్మరి, కమ్మరి మాన్యాలతో పాటు ఒక వరుసలో. మనిషి పేరు లేదు. ఆడవాళ్ల పేరు ఒక్కటీ లేదు. “మా తాతల్ని ఎవరూ అడగలేదన్నమాట” అని కాగితం తిరిగిచ్చి కూర్చున్నాడు.

చివరకు కమిటీవాళ్లు సంచికలో రాజుల పేర్లు, గుడి ముచ్చట వేసి మిగతాది తీసేశారు. తగవు రాకుండా ఉంటుందన్నాడు మామయ్య. నాకు ఇప్పటికీ ఆ విషయం మింగుడుపడటం లేదు. ఎందుకంటే ఆ మాస్టారి ప్రశ్న ఆ కైఫియత్తుకు ఇప్పటిదాకా ఎవరూ రాయని అసలైన వ్యాఖ్యానం. కైఫియత్తును ‘పల్లె గొంతు’ అనేవాళ్లు ఆ ప్రశ్న వినాలి. అది పల్లె గొంతు కాదు. పల్లెలో ఒక అరుగు మీది గొంతు.

కథకులు ఈ మాటను ఏం చేయాలి

మాటలు మారతాయి కదా, పాత అర్థం పట్టుకుని వేలాడటం దేనికని మిత్రుడొకడు అన్నాడు. నిజమే, కవిలె కూడా మారింది. శిస్తు లెక్కల కట్ట కాస్తా కవుల చేతిలో పడి కాలం కవిలె అయింది, చరిత్ర కవిలె అయింది. నాకు దాని మీద ఏ ఫిర్యాదూ లేదు. కవిలె అంటే దాచుకున్న లెక్క కాబట్టి, కాలం లెక్క దాచుకుంటుందన్న ఊహకు ఆ పాత అర్థమే ఊపిరి. మాట మారినా లోపలి ఎముక అలాగే ఉంది. కైఫియత్తును మనం వాడుతున్న తీరులో ఆ ఎముక తీసేస్తున్నాం. అదీ నా బాధ.

ఒక నవలకు కైఫియత్తు అని పేరు పెడితే పాఠకుడిగా నేను కొన్ని ఎదురుచూస్తాను. చెప్పేవాడొకడు ఉండాలి, అతనికి ఆ ఊళ్లో ఒక జాగా ఉండాలి, పోగొట్టుకుంటానేమోనన్న భయం ఉండాలి. వినేవాడు కనిపించకపోయినా వాక్యంలో అతని నీడ పడాలి. కొన్ని సంగతులు అడక్కుండానే చెప్పేయాలి, కొన్ని ఎంత అడిగినా చెప్పకూడదు. తేదీలు మరీ కచ్చితంగా ఉన్నచోట పాఠకుడికి అనుమానం కలగాలి. ఇంత గొప్ప శిల్పం ఆ పాత కాగితాల్లో కరణాలు తెలియకుండానే చేసి పెట్టారు. పాత తెలుగు వచనంలో మాట్లాడే మనిషి వాసన ఇంతగా తగిలేది మరెక్కడో నాకు కనపడలేదు. ‘లగాయతు’, ‘తదారభ్య’, రెండూ ‘మొదలుకొని’ అనే అర్థంలో, పక్కపక్కనే కూర్చుంటాయి. సంస్కృతం, పారశీకం, ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకే వాక్యంలో సర్దుకుంటాయి. ఇదంతా వదిలేసి అత్తరు వాసన కోసం పేరొక్కటి తెచ్చుకుంటే ఎలా?

రాసుకున్నవాడి కథ కూడా ఉంది. మెకంజీకి కుడిభుజంగా నిలిచినవాళ్లు మన ఏలూరు కావలి సోదరులు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయాడు, తమ్ముడు లక్ష్మయ్య ఆ పని భుజానికెత్తుకున్నాడు. 1821లో మెకంజీ పోయాక కంపెనీ ఆ సేకరణంతా లక్ష రూపాయలకు కొనేసింది. మిగిలిన పని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగితే, 1830లలో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ ఆ పనికి లక్ష్మయ్యే కాదు, ఏ దేశీయుడూ సరిపోడన్నట్టు రాశాడు. ఊరూరి దగ్గరా కైఫియత్తు రాయించుకున్న మనిషి, చివరకు తన యోగ్యతకు తానే కైఫియత్తు ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఇచ్చాడు, నెగ్గలేదు. నవల రాయాలనుకునేవాళ్లకు ఇక్కడ కావలసినంత ఉంది.

ఇప్పుడు అడిగేదెవరు?

1984లో కరణీకాలు రద్దయ్యాయి. గోపరాజు రామన్న ఇచ్చాడని చెప్పుకున్న మిరాశీ ఒక ఆర్డినెన్సుతో ముగిసింది. వంశపారంపర్యం పోవాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. ఆ కట్టలు మాత్రం ఎటుపోయాయో ఊరూరా వేరే కథ.

ఇవన్నీ పాత సంగతులుగా తోచేవాళ్లు తుళ్లూరు వైపు వెళ్లి రండి. 2015లో రాజధాని కోసం 29 గ్రామాల్లో భూసమీకరణ జరిగింది. ఆ ఊళ్లలో పొలాల గట్లు పోయాయి, డొంకల పేర్లు పోతున్నాయి, పొలిమేర రాయి ఎక్కడుండేదో రోడ్డు మీద నిలబడి చూపించలేం. ఆ ఊళ్ల నుంచి ప్రభుత్వం దగ్గర కాగితాలు బోలెడున్నాయి, అంగీకార పత్రాలు, సర్వే నంబర్లు, ప్లాట్ల లాటరీ జాబితాలు. అవన్నీ భూమి ఉన్నవాళ్లను అడిగితే వచ్చిన జవాబులు. ఉండవల్లి, పెనుమాక వైపు అరటితోటల్లో, కూరపాదుల్లో కూలికి వెళ్లిన ఆడవాళ్లను ఏ కాగితమూ పెద్దగా అడగలేదు. కౌలుకు చేసుకున్నవాళ్ల పేర్లు ఎంతవరకు రికార్డులకెక్కాయో ఆ ఊళ్లవాళ్లకే తెలుసు.

గుంటూరు, విజయవాడల మధ్య కాలేజీలు బోలెడున్నాయి, చరిత్ర శాఖలున్నాయి, ప్రాజెక్టు రాయాల్సిన పిల్లలున్నారు. ఒక్కో ఊరికి ఇద్దరు చొప్పున వెళ్లి అడగొచ్చు. ఏ డొంకను ఏమనేవాళ్లు, ఏ బావి నీళ్లు ఎవరు తోడుకునేవాళ్లు, ఎవరిని తోడుకోనిచ్చేవాళ్లు కాదు, మిరపకోతలకు ఎక్కడి నుంచి కూలీలు వచ్చేవాళ్లు, ఎక్కడ పడుకునేవాళ్లు. చెప్పినవాళ్ల పేరు, వయసు, వాళ్లకు ఆ ఊళ్లో ఏముండేదో, ఇప్పుడేముందో ముందు వరుసలో రాయాలి, మౌజే వరుస రాసినంత నియమంగా. అడిగినవాళ్ల పేరు కూడా కింద ఉండాలి, ఏ పనిమీద అడిగారో కూడా.